తుక్కులోని మదర్‌బోర్డు మీద హక్కు ఎవరిది?

చెడిపోయిన ల్యాప్‌టాప్ తెరను మానిటర్‌గా మార్చుకోవడం, మూలన పడ్డ ఎస్ఎంపీఎస్‌తో (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాతో) ఇంట్లో ప్రయోగాలకు కరెంటు తీసుకోవడం హైదరాబాద్ కుర్రాళ్లకు చాలాకాలంగా వచ్చిన విద్య. ఇప్పుడు ఆ విద్యకు కావలసిన సరుకే కరువవుతోంది.

1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడ మొదలైంది. టీవీలు, కంప్యూటర్లు తయారుచేసిన ఆ సంస్థ నగరంలో సోల్డరింగ్ తెలిసిన తరాన్ని తయారుచేసింది. 1984 కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. ఐటీ వస్తువుల సుంకాల మీద కుదిరిన 1997 అంతర్జాతీయ ఒప్పందంతో విడిభాగాల మీద సుంకాలు 2005కల్లా దాదాపు ఎత్తేశారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ విడిభాగాలతో కట్టే అసెంబుల్డ్ సిస్టమ్‌లకు పెట్టింది పేరైంది. అమీర్‌పేటలో చిప్ లెవల్ సర్వీసింగ్, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలను బాగుచేసే పని, నేర్పారు. కెపాసిటరో రెసిస్టరో కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఐటీ ఆఫీసులు పెరిగాయి. అవి కొన్నేళ్లకోసారి మార్చేసే డెస్క్‌టాప్‌లు స్క్రాప్ వ్యాపారుల చేతులు మారి దుకాణాలకు చేరేవి.

ఆ సరుకుతో ఏం చేసేవారో చూడండి. తెర వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు చూసి, దానికి సరిపోయే కంట్రోలర్ బోర్డు తెచ్చి తగిలిస్తే హెచ్‌డీఎంఐ మానిటర్ సిద్ధం. ఎస్ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును ఏదైనా నల్ల వైరుతో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. పసుపు వైరులో 12 వోల్టులు, ఎరుపులో 5 వస్తాయి. డబ్బా మూత మాత్రం విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోని 18650 రకం లిథియం సెల్స్‌తో పవర్ బ్యాంకులు కట్టేవాళ్లూ ఉన్నారు. సెల్స్ సామర్థ్యం కొలవకుండా, సెల్స్ అతిగా చార్జ్ కాకుండా కాపాడే బీఎంఎస్ బోర్డు లేకుండా ఆ పని చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

దెబ్బ రెండు వైపుల నుంచి పడింది. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ ర్యామ్‌ను బోర్డుకే అతికించి వచ్చింది. తర్వాత చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లు అదే బాట పట్టాయి. విప్పి వాడుకునే భాగమే తగ్గిపోయింది.

రెండోది ఈ-వ్యర్థాల నిబంధనలు. 2012 మేలో మొదటివి, 2023 ఏప్రిల్‌లో కొత్తవి అమల్లోకి వచ్చాయి. ఆరుబయట వైర్లు కాల్చి, యాసిడ్‌లో బోర్డులు ముంచే పద్ధతిని ఆపడానికి అవి అవసరమే. కానీ కొత్త నిబంధనల్లో రీసైక్లర్‌కు దక్కే, తయారీ కంపెనీలకు అమ్ముకునే సర్టిఫికెట్‌ను బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన కడతారు. బాగా పనిచేసే ర్యామ్ స్టిక్కు విలువ ఆ లెక్కలో దాని లోహమే. పాత పరికరాలను బాగుచేసి అమ్మే రీఫర్బిషర్లకు చోటిచ్చారు గానీ వాళ్లు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. గల్లీలో ఒక్కడే కూర్చుని రిపేరు చేసే మనిషికి అది అందే వ్యవహారం కాదు. ఇక రిపేరు హక్కు, అంటే కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే హక్కు, మీద కేంద్రం 2022లో కమిటీ వేసి, అదే ఏడాది దానికంటూ వేరే పోర్టల్ తెరిచింది, చట్టం రాలేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ఆగింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కని ఆఫీసు సిస్టమ్‌లలో మంచి బోర్డులు, ఎస్ఎంపీఎస్‌లు, ర్యామ్‌లు ఉన్నాయి. డేటా బయటపడుతుందన్న భయంతో కంపెనీలు మొత్తం సిస్టమ్‌ను నుజ్జు చేయించనక్కర్లేదు. డేటా ఉండేది డిస్కులో. దాన్ని తీసి ధ్వంసం చేసి, మిగతాది రిపేరు దుకాణాలకు వదిలేయొచ్చు.