కుంకుడు చెట్టుకు చుట్టమే ఈ బక్‌ఐ

కడపలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళు చాలామంది. బట్టల షాపుల్లో సేల్స్‌మెన్, బండల పాలిష్ యూనిట్ల కూలీలు, హోటళ్ళలో వంటవాళ్ళు, బడిపంతుళ్ళు. వయసు మీదపడే కొద్దీ కొందరికి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. డాక్టరు వెరికోస్ వెయిన్స్ అని చెప్పి బిగుతు సాక్సు వేసుకోమంటాడు. మన ఎండలో ఆ సాక్సుతో వేగడం కష్టం. దాంతో చాలామంది నెట్‌లో వెతుకుతారు, హార్స్ చెస్ట్‌నట్ మాత్రలు, జెల్స్ కనిపిస్తాయి. మొలలకు హోమియో వాడినవాళ్ళకైతే 'ఈస్కులస్' పేరు పాతదే. రెండింటికీ మూలం హార్స్ చెస్ట్‌నట్ అనే ఒకే చెట్టు. ఉత్తర అమెరికాలో పెరిగే దాని దాయాదులే బక్‌ఐ చెట్లు.

ఇవి చలి ప్రాంతాల చెట్లు, రాయలసీమలో కనబడవు. అయినా వీటి కుటుంబం మనకు తెలిసిందే. ఒకప్పుడు వేరే కుటుంబంగా లెక్కపెట్టిన ఈ చెట్లను జన్యు పరిశోధనల తర్వాత కుంకుడు కుటుంబంలో కలిపారు. కుంకుడుకాయ నురగకు కారణమైన సాపోనిన్లే బక్‌ఐ గింజల్లోనూ ఉంటాయి. మన దగ్గర మంగకాయ దంచి నీళ్ళలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టినట్టే, కాలిఫోర్నియా ఆదివాసులు బక్‌ఐ గింజలతో పట్టేవారు. కరువు రోజుల్లో అవే గింజలను దంచి, పదేపదే నీళ్ళు మార్చి విషం కడిగేసి తినేవారు కూడా. కడగకుండా తింటే వాంతులు, విరేచనాలు, కాళ్ళు తూలడం. మేతలో తిన్న పశువులకూ ఇదే గతి. ఒహాయో రాష్ట్రం 1953లో బక్‌ఐని తన అధికారిక చెట్టుగా ప్రకటించింది. అక్కడ కీళ్ళనొప్పులు రాకుండా ఆ గింజను జేబులో పెట్టుకు తిరిగే అలవాటు ఉండేది. తాయెత్తు నమ్మకం మన ఒక్కరి సొత్తే కాదన్నమాట.

మందు కథ మాత్రం అమెరికాది కాదు, ఐరోపాది. బాల్కన్ కొండల్లో పుట్టిన హార్స్ చెస్ట్‌నట్ 16వ శతాబ్దంలో ఇస్తాంబుల్ మీదుగా పడమటికి చేరింది. 1576లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని వియన్నాలో పెంచాడు. 1896లో ఫ్రాన్స్‌లో ఆర్టో ద వెవే అనే వైద్యుడు దాని సారాన్ని మొలలకు వాడి ఫలితాలు రాశాడు. అసలు పనిచేసేది ఎసిన్ అనే సాపోనిన్ మిశ్రమమని 1960లో లోరెంజ్, మారెక్ అనే పరిశోధకులు చూపించారు. సిరల గోడలను దెబ్బతీసే ఎంజైములను అది అడ్డుకుంటుంది, సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి కారడం తగ్గిస్తుంది. వాపు తగ్గేది అందుకే.

పెద్ద పరీక్ష 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 240 మందిని మూడు గుంపులు చేసి 12 వారాలు చూశారు. రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాముల చొప్పున ఎసిన్ తీసుకున్నవాళ్ళ కాలి వాపు, కాలి ఘనపరిమాణం లెక్కన, సగటున 43.8 మిల్లీలీటర్లు తగ్గింది. బిగుతు సాక్సు వేసుకున్నవాళ్ళకు 46.7. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకు వాపు 9.8 మిల్లీలీటర్లు పెరిగింది. 2012లో, వైద్య పరీక్షలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 17 పరీక్షలను కలిపి చూసి, కొద్దికాలం వాడకానికి ఇది పనిచేస్తున్నట్టే ఉందని, ఇంకా పెద్ద పరీక్షలు కావాలని తేల్చింది.

మన దగ్గర తికమక ఇక్కడే మొదలవుతుంది. ఆ పరీక్షలన్నీ విషం తీసేసి, ఎసిన్ ఎంతుందో కొలిచి, నోటితో మింగేలా చేసిన సారం మీద జరిగినవి. అవి చూపించి పైపూత జెల్ అమ్మడం సరికాదు. వందల, వేల రెట్లు పలచన చేసిన హోమియో గుళికలకూ ఆ అంకెలు వర్తించవు, పేరు ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటి కాదు. ఉబ్బిన నరం మాయమవుతుందని కూడా ఏ పరీక్షా చెప్పలేదు, తగ్గింది వాపు, నొప్పి, దురద. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ సారం జోలికి పోకూడదు.

హార్స్ చెస్ట్‌నట్, బక్‌ఐల జాతికే చెందిన ఇంకో చెట్టు కశ్మీర్ నుంచి నేపాల్ దాకా హిమాలయాల్లోనూ ఉంది. అక్కడి కొండ జనం దాని గింజలను రోజుల తరబడి నానబెట్టి పిండి చేసుకుంటారు. దాని మీదా, అమెరికా బక్‌ఐల మీదా పరిశోధనలు వస్తూనే ఉన్నాయి గానీ, అవి ఎక్కువగా ల్యాబుల్లో, జంతువుల మీద జరిగినవే.