పఫ్‌లో మందు గోరంత, గ్యాస్ కొండంత

ఉబ్బసం ఉన్నవాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే నీలం రంగు పఫ్ ఉంది కదా, సాల్బుటమాల్ ది, దాన్ని ఒకసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములు. 200 పఫ్‌ల డబ్బా మొత్తానికి కలిపి 20 మిల్లీగ్రాములు. మరి ఆ మందును బయటికి తోసే గ్యాస్ ఎంత? వెంటోలిన్ లాంటి బ్రాండ్లలో సుమారు 18 గ్రాములు! దాని పేరు హెచ్ఎఫ్ఏ-134ఏ. కారు ఏసీలో వాడే గ్యాసే ఇది, కాకపోతే ఏసీలో అది లోపలే తిరుగుతుంది (లీకవ్వనంత వరకు), ఇక్కడ మాత్రం ప్రతి పఫ్‌కీ గాల్లో కలుస్తుంది.

1956లో ఈ పఫ్‌లు వచ్చినప్పుడు వాటిలో ఉండేవి సీఎఫ్‌సీలు అనే గ్యాస్‌లు. అవి ఓజోన్ పొరను తినేస్తున్నాయని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక, వాటి స్థానంలో మెల్లగా ఈ హెచ్ఎఫ్ఏలు వచ్చాయి. ఓజోన్‌కి వీటితో ఇబ్బంది లేదు, కానీ వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు ఘనులు. అందుకే ఒక్క వెంటోలిన్ డబ్బా లెక్క 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాకా వస్తుంది, కార్లో 280 కిలోమీటర్లు తిరిగినంత. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల మొత్తం కర్బన భారంలో 3 శాతం వాటా ఇన్‌హేలర్లదే. అక్కడ పదింటిలో ఏడు గ్యాస్ పఫ్‌లే. స్వీడన్‌లో అయితే పదింటిలో ఒకటో రెండో, మిగతా అంతా పొడి మందే.

పొడి ఇన్‌హేలర్‌లో గ్యాసే ఉండదు, మన ఊపిరే మందును లాక్కుంటుంది. వీటి కర్బన భారం సాధారణంగా డబ్బాకి ఒక కిలో లోపే. ఇదేదో విదేశాల నుంచి రావాల్సిన కొత్త వస్తువు కాదు, మన మెడికల్ షాపుల్లో దొరికే సిప్లా రోటాక్యాప్‌లు ఈ రకమే. క్యాప్సూల్‌ని రోటాహేలర్‌లో పెట్టి, తిప్పి, గట్టిగా పీల్చాలి (మింగకూడదు, అలా మింగేసేవాళ్ళూ ఉన్నారు!). తేమ తగిలితే పొడి ముద్ద కడుతుంది కాబట్టి వాడే ముందే క్యాప్సూల్ బయటికి తీయాలి.

అలాగని అందరూ రేపటి నుంచి మార్చేయడానికి లేదు. పొడిని లాగాలంటే బలంగా, వేగంగా పీల్చే శక్తి ఉండాలి. చిన్నపిల్లలకి, బాగా నీరసించిన పెద్దవాళ్ళకి, ఆయాసం తీవ్రంగా ఉన్నప్పుడు స్పేసర్‌తో (పఫ్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) పఫ్ ఇవ్వడమే సరైనది. డాక్టర్ని అడక్కుండా సొంతంగా మార్చుకోవద్దు. ఊపిరాడని మనిషిని పట్టుకుని వాతావరణం పేరు చెప్పి గిల్టీగా ఫీలవ్వమనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది.

అసలు ఎక్కువ తేడా తెచ్చేది ఇంకొకటి ఉంది. నీలం పఫ్ మాటిమాటికీ నొక్కాల్సి వస్తోందంటే ఉబ్బసం అదుపులో లేనట్టే. రోజూ వాడమని రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పక్కన పెట్టేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా నీలందాంతో నెట్టుకొచ్చేవాళ్ళు చాలామంది. మృగశిర కార్తెకి చేపమందు కోసం హైదరాబాద్‌లో లైన్లు కడతాం, దానికి శాస్త్రీయ రుజువు లేకపోయినా, ఇన్‌హేలర్ అనేసరికి మాత్రం 'అలవాటైపోతుందేమో' అని టెన్షన్. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గీనా అనే సంస్థ కూడా పెద్దవాళ్ళకి సాల్బుటమాల్ ఒక్కటే వాడటం మంచిది కాదనే 2019 నుంచి అంటోంది. జబ్బు అదుపులో ఉంటే డబ్బాలూ తగ్గుతాయి, ఆసుపత్రి ఖర్చూ తగ్గుతుంది.

గ్యాస్‌నే మార్చే పని కూడా నడుస్తోంది. హెచ్ఎఫ్ఏ-152ఏ అనే గ్యాస్ వేడెక్కించే శక్తి ఇప్పటిదాంట్లో దాదాపు పదో వంతే, హెచ్ఎఫ్ఓ-1234జెడ్ఈ అయితే దాదాపు సున్నా. ఈ రెండోదాంతో చేసిన ఆస్ట్రాజెనెకా వారి ట్రిక్సియోకి 2025లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అప్పటికి అది సీఓపీడీ (ఊపిరి గొట్టాలు దీర్ఘకాలంగా మూసుకుపోయే జబ్బు) మందు, ఉబ్బసానిది కాదు. రోజూ అమ్ముడుపోయే నీలం పఫ్‌లో గ్యాస్ మారి, అది మన జేబుకి అందే ధరలో దొరికినప్పుడే అసలు తేడా.