అగ్రిమెంటులో కన్సల్టెంట్, పనిలో ఉద్యోగి: పాత రిటర్నుల భయంపై అపోహలు, వాస్తవాలు

నవంబరులో ఒక సాయంత్రం ఆఫీసు షట్టరు సగం దించాక ఒక కుర్రాడు వచ్చాడు. పుత్తూరు దగ్గర పల్లె. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. ఫోన్లో మెసేజ్ చూపించి, "సార్, ఇంగ నన్నేం జేస్తారు సార్? పదేండ్లది తవ్వి తీస్తారంట గదా" అన్నాడు. రెండు వారాలుగా నిద్ర లేదట. ఇంట్లో కూడా చెప్పలేదట. మెసేజ్ చదివితే అది నోటీసే కాదు. మీ ఏఐఎస్ (మీకొచ్చిన ఆదాయాల గురించి డిపార్ట్‌మెంట్ దగ్గరున్న పట్టిక) ఒకసారి సరిచూసుకోండి అని ఇన్‌కంటాక్స్ డిపార్ట్‌మెంట్ గుర్తుచేస్తూ పంపిన మెసేజ్.

తిరుపతిలో ఇరవై ఏళ్లుగా రిటర్నులు వేస్తున్నాను. నర్సింగ్ హోముల్లో డాక్టర్లు, కోచింగ్ సెంటర్లలో లెక్చరర్లు, శ్రీసిటీలో కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజినీర్లు, ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లలు, వీళ్లందరిదీ ఒకటే భయం. "జీతగాడివే, కన్సల్టెంట్‌వి కాదు అని ఇప్పుడు తేల్చి, పాత సంవత్సరాల పన్ను కట్టమంటే?" ఆ భయం చుట్టూ తిరిగే మాటల్లో ఏది నిజమో ఏది కాదో రాస్తున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మన గొడవంతా పాత సంవత్సరాలది కాబట్టి ఇక్కడ 1961 చట్టం నంబర్లే వాడుతున్నాను.

అపోహ: 194జె (వృత్తి నిపుణుల ఫీజుకు వర్తించే సెక్షన్) కింద టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టారు, అగ్రిమెంటు మీద కన్సల్టెంట్ అని ఉంది. ఇక ఎవరూ అడగరు.

వాస్తవం: కంపెనీ ఏ సెక్షన్ కింద పట్టిందన్నది కంపెనీ అభిప్రాయం మాత్రమే. చట్టం చూసేది పని జరిగిన తీరు. ఆ కుర్రాడి అగ్రిమెంటు తెప్పించుకుని చదివాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో కన్సల్టెన్సీ అగ్రిమెంట్. మూడో పేజీకి వచ్చేసరికి ఉదయం తొమ్మిదిన్నరకు లాగిన్, సాయంత్రం ఆరున్నరకు లాగౌట్, ఏడాదికి పన్నెండు సెలవులు, సెలవుకు మేనేజర్ అనుమతి, లాప్‌టాప్ కంపెనీది, వేరే ఎవరి పనీ ఒప్పుకోకూడదు, మానేయాలంటే అరవై రోజుల ముందు చెప్పాలి. నెలకు సరిగ్గా 80,000. పని ఎక్కువైనా అంతే, తక్కువైనా అంతే. ఇది ఉద్యోగమే బాబూ అని చెప్పేశాను.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది దర్జీలు. మన ఉమ్మడి రాష్ట్రపు షాపుల చట్టం కింద వచ్చిన కేసు అది. కుట్టిన బట్టకు ఇంత అని కూలి. కానీ మిషన్లు షాపువి, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే హక్కు షాపు యజమానిది. వాళ్లు ఉద్యోగులే అంది కోర్టు. అది పన్ను కేసు కాదు. అయినా పని ఎవరి అదుపులో ఉంది, పనిముట్లు ఎవరివి, నష్టం వస్తే ఎవరికి అన్న ప్రశ్నలు ఇవాళ్టికీ అవే.

ఇది డాక్టర్లకు వేరేలా ఉంటుంది. టైము ప్రకారం ఓపీ చూసినంత మాత్రాన ఉద్యోగి అయిపోరు. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివేవీ లేకుండా, వైద్యంలో తన నిర్ణయం తనదే అయిన డాక్టరును కన్సల్టెంట్‌గానే చూడాలని హైకోర్టులు చెప్పాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా 2014లో ఒక ఆసుపత్రి కేసులో అదే మాట అంది.

అపోహ: 194జె ఉంటే చాలు, 44ఏడీఏ కింద సగం ఆదాయం చూపిస్తే సరిపోతుంది.

నా దగ్గరికి వచ్చే తప్పుల్లో ఎక్కువ ఇదే. 44ఏడీఏ అంటే సొంతంగా వృత్తి చేసుకునేవాళ్లు వచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంగా చూపించే వెసులుబాటు. అది అందరికీ కాదు, జీతానికి అసలే కాదు. వైద్యం, లా, ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, తర్వాత నోటిఫై చేసిన ఐటీ లాంటి కొన్ని వృత్తులకే. అందులో పాఠం చెప్పడం లేదు. ఇన్ని కాలేజీలున్న ఊళ్లో ఎంతమంది లెక్చరర్లు స్నేహితుడి మాట విని అలా వేశారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు కుర్రాడి లెక్క. 2023-24లో వచ్చింది 9.6 లక్షలు. సగం, అంటే 4.8 లక్షలు చూపించాడు. కొత్త విధానంలో రిబేటు వచ్చి పన్ను సున్నా. పట్టిన టీడీఎస్ 96,000 మొత్తం రీఫండ్ వచ్చింది. అదే జీతం అనుకుంటే 50,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 9.1 లక్షలు, సెస్‌తో కలిపి పన్ను 48,360. అతను పదిహేను రోజులు నిద్రపోకుండా మోసిన బరువు అసలు అంత. తక్కువని అనను. కానీ అతని ఊహలో అది లక్షల్లో ఉంది. 2025-26కైతే జీతం 12.75 లక్షల వరకు పన్నే పడదు కాబట్టి, అదే సంపాదన మీద ఎలా చూపించినా సున్నానే.

అపోహ: డిపార్ట్‌మెంట్ ఎన్నేళ్ల వెనక్కైనా వెళ్లొచ్చు.

వాస్తవం: అలా వెళ్లడానికి లేదు. 2021కి ముందు మామూలుగా ఆరేళ్ల వరకు వెళ్లే వీలుండేది. ఆ ఏడాది చట్టం మార్చి మామూలు కేసులకు మూడేళ్లు, 50 లక్షలు దాటిన కేసులకు పదేళ్లు చేశారు. జనం నోళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న పదేళ్లు అక్కడిదే. 2024 సెప్టెంబరు 1 నుంచి అదీ తగ్గింది. పాత ఏడాది లెక్కను తిరిగి తెరిచే సెక్షన్ 148 నోటీసుకు మామూలుగా మూడేళ్ల మూడు నెలలు, 50 లక్షలు దాటితే ఐదేళ్ల మూడు నెలలు. ఆ 50 లక్షలు పన్ను తప్పిన ఆదాయం, మీకు వచ్చిన మొత్తం కాదు. నెలకు 80,000 వచ్చే మనిషికి ఒక్క ఏడాదిలో అది కుదరదు.

లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి. సంపాదించిన ఏడాది నుంచి కాదు, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన రోజు నుంచి. 2020-21లో సంపాదించినదానికి అసెస్‌మెంట్ ఇయర్ 2022 మార్చి 31న ముగిసింది. మామూలు కేసుల్లో ఆ తలుపు 2025 జూన్ 30తో మూసుకుంది. పైగా నేరుగా 148 ఇవ్వకూడదు. ముందు 148ఏ కింద తమ దగ్గరున్న సమాచారం ఏమిటో చూపించి, ఎందుకు తిరిగి తెరవకూడదో చెప్పమని మిమ్మల్ని అడగాలి. నా అనుభవంలో చాలా కేసులు ఆగేది అక్కడే. అగ్రిమెంటు, ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి గడువులోపు జవాబిస్తే చాలు. జవాబే ఇవ్వకపోతే అధికారి తన దగ్గరున్న కాగితాలతోనే తేల్చేస్తాడు. నోటీసు అని చెప్పుకునే మెసేజ్ ఏది వచ్చినా అందులోని లింకు నొక్కొద్దు. ఇన్‌కంటాక్స్ పోర్టల్లో డిన్ (నోటీసు మీద ఉండే గుర్తింపు నంబరు) కొట్టి అది నిజమో కాదో చూడండి.

అపోహ: కంపెనీ టీడీఎస్ తప్పుగా పడితే శిక్ష మనకు.

సరిగ్గా పట్టకపోవడం కంపెనీ తప్పు, ఆ విచారణ సెక్షన్ 201 కింద కంపెనీ మీదే. మీ ఆదాయం మీద మీరు కట్టాల్సిన పన్ను మాత్రం మీదే. పట్టిన సొమ్మును కంపెనీ ప్రభుత్వానికి జమ చేయకపోతే సెక్షన్ 205 ప్రకారం దాన్ని మళ్లీ మీ దగ్గర అడగకూడదు. కాబట్టి కోత చూపించే ప్రతి స్లిప్పూ దాచుకోండి.

ఇంకొకటి ఈ మధ్య వింటున్నాను. లండన్‌లో ఉన్న బావో అన్నో ఫోన్లో ఐఆర్35 గురించి చెబుతాడు, ఇక్కడ ఇంట్లోవాళ్లకు దడ. అది బ్రిటన్ నియమం. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని దాని ద్వారా పనిచేసే కాంట్రాక్టర్ల కోసం 2000 ఏప్రిల్‌లో వచ్చింది. 2017లో ప్రభుత్వ సంస్థల్లో, 2021లో మధ్యతరహా, పెద్ద ప్రైవేటు కంపెనీల్లో వాళ్లు ఉద్యోగుల్లాంటివాళ్లా కాదా అని తేల్చే బాధ్యత పని ఇచ్చేవాళ్ల మీదకు మారింది. అక్కడ మామూలుగా నాలుగేళ్లు, అజాగ్రత్త అయితే ఆరేళ్లు, కావాలని చేస్తే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు. మన చట్టంలో అలాంటి నియమం లేదు.

అపోహ: ఇప్పుడు సరిదిద్దుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే, ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

వాస్తవం: సరిదిద్దుకోవడానికే ఐటీఆర్-యూ అనే అప్‌డేటెడ్ రిటర్ను పెట్టారు. అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక నాలుగేళ్ల వరకు వేయొచ్చు. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనం, తర్వాత 50, 60, 70. ఆలస్యం చేసిన కొద్దీ బరువు పెరుగుతుంది. వాళ్లే కనిపెడితే తక్కువ చూపినందుకు పన్నులో సగం పెనాల్టీ పడొచ్చు, తప్పుడు వివరాలిచ్చారని తేలితే 200 శాతం.

కుర్రాడికి 25 శాతం గడువు 2026 మార్చి 31 దాకా ఉండింది. జనవరిలోనే వేశాం. 48,360, దాని మీద వడ్డీ, ఆ రెండింటి మీద 25 శాతం. చలానా కట్టిన రోజు వాళ్ల నాన్నను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన బల్ల మీద ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇంతేనా సార్, వీడు అన్నం మానేసింది దీనికా" అన్నాడు. కొత్త అగ్రిమెంటులో వేరే క్లయింటు పని కూడా చేసుకునేలా రాయించుకోమని, లేదా జీతం కింద మార్చమని కంపెనీని అడగమని చెప్పాను. జీతం కింద మార్చారట. పీఎఫ్ కూడా మొదలైంది.