కాగితపు తలకాయలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తోలుబొమ్మకు మేకతోలు కావాలి, కొయ్యబొమ్మకు కర్ర కావాలి. పిల్లలు చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మకు తల చేయాలంటే నిన్నటి పేపరు, గుప్పెడు మైదా చాలు. మట్టి ముద్ద మీదో బెలూను మీదో కాగితం పీలికలను మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించి ఆరబెట్టడమే పని. సెలవుల్లో పిల్లలతో ఈ తలలు చేయించేటప్పుడు ఏటా వినే మాటలివి.

అపోహ: జిగురు ఎంత చిక్కగా ఉంటే తల అంత గట్టిగా వస్తుంది.
వాస్తవం: చిక్కటి జిగురు పొరల మధ్య ముద్దకట్టి ఒక పట్టాన ఆరదు. కప్పు మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం అయిదు కప్పుల నీళ్లతో ఉడికిస్తే గంజిలా జారుగా వస్తుంది. కాగితం పీలికను అందులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి అదనపు జిగురు తీసేయాలి. ఆరు పొరలు చాలు. ఒక పొర న్యూస్‌పేపరు, ఒక పొర తెల్లకాగితం వేస్తే ఎక్కడ ఖాళీ వదిలారో పిల్లలే పట్టేస్తారు.

పీలికలను కత్తెరతో కత్తిరించకండి. చేత్తో చింపిన అంచు పీచుగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది. వారపత్రికల నున్నటి కాగితం నీళ్లు సరిగా పీల్చదు, అదీ వద్దు.

అపోహ: ఎండలో పెడితే సాయంత్రానికి రంగులు వేసేయవచ్చు.
వాస్తవం: ఎక్కువ తలలు పాడయ్యేది ఇక్కడే. మండుటెండకు పై పొర ముందే బిగుసుకుంటుంది, తడి లోపల చిక్కుకుంటుంది. ముందు బుగ్గ వంకర పోతుంది, తర్వాత నల్లటి బూజు. మూడు పొరలు వేసి, రోజంతా నీడలో ఫ్యాను కింద ఆరనిచ్చి, అప్పుడు మిగతా మూడు వేయాలి. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడమంటాను. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. రెండు గంటల్లో తల పూర్తి చేయిస్తామన్న ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. వానాకాలంలో నాలుగు రోజులైనా పడుతుంది.

అపోహ: పురుగు పట్టకుండా జిగురులో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపాలి.
వాస్తవం: గోడలకు పోస్టర్లు అంటించేవారు కలుపుతారు, నిజమే. కానీ అది విషం. పిల్లల చేతులు నోట్లోకి పోకుండా ఎవరు ఆపగలరు? మన అమ్మమ్మలు కాగితపు గుజ్జులో మెంతులు రుబ్బి కలిపి చేసిన బుట్టలు ఏళ్ల తరబడి నిలిచాయి.

అపోహ: బెలూను మీద చేయడమే సులువు.
వాస్తవం: సులువే, కానీ వచ్చేది గుండు మాత్రమే. బంకమట్టి ముద్ద ఇస్తే ముక్కూ గడ్డమూ పిల్లలే లాగుతారు. మట్టికి అంటుకోకుండా మొదటి పొర ఉత్త నీళ్లతో వేయాలి. ఆరాక చెవుల వెనకగా కోసి మట్టి తీసేసి, రెండు చిప్పలనూ పీలికలతో అతికించాలి. కోత మాత్రం పెద్దల పని. మెడలో అట్ట గొట్టం పెట్టేటప్పుడు కొలత పిల్లల చూపుడు వేలిది, మనది కాదు.

అపోహ: ముఖం అందంగా, నవ్వుతూ ఉండాలి.
వాస్తవం: నవ్వుముఖం ఏడవాల్సిన చోట కూడా నవ్వుతూనే ఉంటుంది. నోరు మామూలుగా గీస్తే, తల వంచినప్పుడు దిగులు, ఎత్తినప్పుడు ధీమా కనిపిస్తాయి. కనుబొమ్మలూ ముక్కూ పెద్దవిగా ఉంటే వెనక వరుసకూ తెలుస్తాయి. ఒక తల్లి రాత్రంతా కూర్చుని కూతురి బొమ్మ ముక్కును ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా చేసి తెచ్చింది. ఆ రోజు ఆ పాప దాన్ని ముట్టుకోలేదు. పక్క పిల్లవాడి వంకరముక్కు రాక్షసుణ్ణి అడిగి తీసుకుని ఆట ఆడింది.