పెళ్లి నాటకాలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

తిరుపతిలో నాటికలు డైరెక్ట్ చేస్తుంటాను. ఎక్కువగా పెళ్లి, కాపురం చుట్టూ తిరిగేవే. నాటక పరిషత్తు పోటీల దగ్గరా, రిహార్సల్స్‌లోనూ తరచూ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులివి.

అపోహ: భార్య పాత్ర చూసి జనం ఏడిస్తే అది స్త్రీల పక్షం నాటకమే.

వాస్తవం: ముందు చూడాల్సింది, నిర్ణయాలు జరిగేటప్పుడు ఆమె స్టేజీ మీద ఉందా అని. చాలా స్క్రిప్టుల్లో కట్నం బేరం, విడాకుల మాట, ఇల్లు అమ్మడం అన్నీ మగవాళ్ల మధ్యే తేలిపోతాయి. ఆమె కాఫీ కప్పులతో వచ్చి, విని, ఏడ్చి లోపలికి వెళ్తుంది. నటి ఎంత బాగా చేసినా కథలో ఆ పాత్రకు పనేమీ లేదు. 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం తీసుకోండి. విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు, అంటే పిల్ల తండ్రి డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు, జరిగినట్టు విజయనగరం మహారాజు తీయించిన లెక్కల్లో తేలిందని గురజాడే ముందుమాటలో రాశారు. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పసిపాపలు ముగ్గురు! అంత ఘోరం గురించి రాస్తూ కూడా ఆయన మధురవాణి అనే వేశ్య పాత్ర చేత కథ నడిపించారు. అయితే ఎవరి పెళ్లి కోసం ఇంత గొడవో ఆ సుబ్బి గొంతు మాత్రం మనకు దాదాపు వినపడదు. ఎంత గొప్ప నాటకాన్నైనా ఈ ప్రశ్న అడగాల్సిందే.

అపోహ: ఆడదానికి ఆడదే శత్రువు. అందుకే అత్త విలన్.

వాస్తవం: ఆ సీన్‌లో మామగారు ఎక్కడున్నారు? మామూలుగా ఓ మూల కుర్చీలో పేపరు చదువుతుంటారు. డబ్బూ, ఇంటి కాగితాలూ ఆయన చేతిలోనే ఉంటాయి, గొడవలో మాత్రం ఆయన ఉండరు. ఒక నాటికలో ఆయన్ని లేపి అత్తాకోడళ్ల మధ్య నిలబెట్టాను. ఒక్క డైలాగూ మార్చలేదు. అత్త ప్రతి మాటకు ముందు ఆయన ముఖం చూడాల్సి వచ్చింది, ఆమె ఎవరి తరఫున మాట్లాడుతోందో జనానికి అర్థమైంది. ఇంకో సంగతి: ఉమ్మడి ఆస్తిలో కూతురికీ వాటా ఉందని మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి చట్టం చెబుతోంది. మన నాటకాల్లో అన్న కట్నం గురించి పేజీలకు పేజీలు మాట్లాడతాడు, చెల్లెలి వాటా ఊసెత్తడు.

అపోహ: మగవాళ్లు ఆడవేషం కట్టడమే తప్పు.

వాస్తవం: చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఆడే భారతం నాటకాలు చూసినవాళ్లు ఈ మాట అనరు. అక్కడ ద్రౌపది వేషం కట్టేది మగవాడే. దుర్యోధన వధ నాడు జుట్టు ముడి వేసుకునేదాకా ఆమె కోపాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. హాస్యం పేరుతో చీర కట్టి, నడుము తిప్పి, ఆడపుట్టుకనే వెక్కిరించే వేషం వేరు. దాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: నటీమణులు దొరకరు, ఒక్క స్త్రీ పాత్రతో సరిపెట్టుకోవాలి.

వాస్తవం: ఆడవాళ్లు స్టేజీ ఎక్కడమే తప్పనుకునే రోజుల్లో, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి సమాజం స్త్రీ పాత్రలు స్త్రీలకే ఇచ్చింది. తిరుపతిలో 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయమే ఉంది. అడ్డంకి మన పద్ధతిలో ఉంది. మగవాళ్ల ఉద్యోగాలయ్యాక రాత్రి తొమ్మిదికి రిహార్సల్ మొదలుపెడతాం. ఆ టైంలో ఏ ఇంటి నుంచి పంపిస్తారు? చివరికి పారితోషికం మాట్లాడుకుని బయటి ఊరి నటిని ప్రదర్శన దగ్గరపడ్డాక పిలిపిస్తాం. అప్పటిదాకా ఆమె మాటలు డైలాగులు అందించే ప్రాంప్టరే చదువుతాడు. భార్యాభర్తల నాటకం భార్య లేకుండానే తయారవుతుంది. టైం మించిందంటే ముందు కోత పడేది ఆమె డైలాగులకే. వద్దనడానికి ఆమె అక్కడ లేదు కదా!

రిహార్సల్ ఆదివారం పొద్దున పెట్టుకోండి. రిహార్సల్ రోజులకూ నటికి డబ్బు లెక్కకట్టండి. స్క్రిప్టు మొదటిసారి చదివే రోజే ఆమెను పిలవండి, రచయితను కూడా కూర్చోబెట్టండి. భార్య పాత్ర గురించి ఆమె అడిగే ప్రశ్నలు ఆయన స్వయంగా వినాలి.