‘పదో బెడ్ లివర్’: వార్డులో రోగి పేరు ఎలా జారిపోయింది

18వ శతాబ్దపు యూరప్‌లో వైద్యుడికి ప్రధాన ఆధారం రోగి చెప్పుకునే మాట. ఉత్తరం రాసి మందు తెప్పించుకున్నవాళ్లూ ఉండేవారు. ఫ్రెంచి విప్లవం తర్వాత పారిస్ పెద్దాసుపత్రుల్లో ఇది తిరగబడింది. ఒకే జబ్బువాళ్లను వరుసగా పరీక్షించడం, పోయాక శరీరం కోసి పోల్చి చూడడం అక్కడ మామూలైంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లానెక్ కాగితాలను గొట్టంలా చుట్టి ఛాతీ చప్పుడు విన్నాక, రోగి నోటికన్నా అతని ఊపిరితిత్తులే నమ్మదగిన సాక్షులయ్యాయి. ఇదేమీ పతనం కాదు. లోపలి జబ్బును ప్రాణముండగా పసిగట్టడం అలాగే వీలైంది. జబ్బును మనిషినుంచి విడదీసి చూడడం కూడా దాంతోపాటే అలవాటైంది.

ఆ అలవాటు వెనకున్న మనసును తవ్విచూసింది మానసిక విశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్. 1950ల చివర లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సింగ్ విద్యార్థుల్లో సుమారు మూడోవంతు మంది మధ్యలోనే మానేస్తున్నారు. ఆమె చూసిన వార్డులో ఒక రోగికి కావలసినవన్నీ ఒకే నర్సు చేయదు. ఒక్కో నర్సు ఏవో కొన్ని పనులు పట్టుకుని అందరి మంచాల దగ్గరా అవే చేసుకుంటూ పోతుంది. రోగి ‘పదో బెడ్ లివర్’ అవుతాడు, లేకపోతే ‘పదిహేనో బెడ్ న్యుమోనియా’. మెంజీస్ దీన్ని నర్సుల కఠినత్వంగా చూడలేదు. చావు, నొప్పి, పరాయి దేహం రోజూ రేపే భయానికి సంస్థ కట్టుకున్న గోడ ఇది అంది. ఆ గోడ భయాన్ని తగ్గించలేదు, పనిలోని తృప్తిని మాత్రం తీసేసింది. మానేసినవాళ్లలో మంచి నర్సులు కాగలవాళ్లే ఎక్కువ. నా లెక్కలో ఈ చరిత్రకు గుండెకాయ ఇదే.

అదే దశకంలో సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ వాషింగ్టన్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో ఏడాది గడిపి, 1961లో మరో కోణం రాశాడు. చేర్చుకునేటప్పుడే సొంత బట్టలు, సామాన్లు తీసుకుని, తూకం వేసి, సంస్థ దుస్తులు తొడుగుతారు. చికిత్స మొదలు కాకముందే మనిషి సగం చెరిగిపోతాడు.

1981లో మనస్తత్వ పరిశోధకులు క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ బర్నౌట్‌ను (పని ఒత్తిడితో మనిషి అరిగిపోవడాన్ని) కొలిచే ప్రశ్నావళిలో ‘డీపర్సనలైజేషన్’ను ఒక భాగంగా పెట్టారు. ఎదుటివాళ్లను వస్తువుల్లా చూడడం అని అక్కడ దాని అర్థం. (తనకు తానే పరాయిగా అనిపించే మానసిక లక్షణానికీ ఇదే పేరు, రెండూ కలిపేయకూడదు.)

మరి దూరం పూర్తిగా చెడ్డదా? 2007లో సూది గుచ్చే దృశ్యాలు చూపించి మెదడు స్కాన్ తీస్తే, మామూలు వాళ్లలో నొప్పికి స్పందించే భాగాలు వెలిగాయి. ఆక్యుపంక్చర్ వైద్యుల్లో అవి దాదాపు మౌనంగా ఉండి, భావాలను అదుపుచేసే భాగాలు పనిచేశాయి. ప్రతి కోతకూ వణికే చేత్తో ఆపరేషన్ చేయడం కుదరదు. అందుకే 2012లో పరిశోధకులు ఒమర్ హక్, ఆడమ్ వేట్జ్ లెక్క విడదీశారు. శరీరాన్ని యంత్రంలా విడగొట్టి ఆలోచించడం, సానుభూతిని తగ్గించుకోవడం పనికి అక్కరకొస్తాయి. అందరికీ ఒకే గౌను, పేరుకు బదులు జబ్బు, నిర్ణయంలో రోగికి చోటు లేకపోవడం ఏ పనికీ అక్కర్లేదు. చిక్కంతా కత్తి పక్కన పెట్టేశాక కూడా ఆ దూరాన్ని వదలకపోవడంలోనే.

దిద్దుబాట్లు చిన్నవి. దుప్పటి తీసేముందు అడగాలి, తెర లాగాలి, మంచం పక్కన కేసు చెప్పేటప్పుడు రోగిని ‘ఇతను’ అనకుండా అతనితోనే మాట్లాడాలి. కెనడా మనోవైద్యుడు హార్వే చోచినోవ్ ఒకే ప్రశ్న ఇచ్చాడు: మీకు మంచి చికిత్స చేయాలంటే మనిషిగా మీ గురించి మాకేం తెలియాలి? జవాబు రోగి ఒప్పుకుంటే ఫైలులో అందరికీ కనబడేలా పెడతారు. 2013లో బ్రిటన్‌లో క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న డాక్టర్ కేట్ గ్రేంజర్, తన దగ్గరకొచ్చే చాలామంది పేరైనా చెప్పుకోవడంలేదని గమనించి, ‘హలో, నా పేరు...’ ఉద్యమం మొదలుపెట్టింది.

ఇవి బెడిసికొట్టే చోటూ ఉంది. చోచినోవ్ ప్రశ్నను ఫారంలో ఒక గడిగా మార్చి, ఎవరో టిక్కు పెట్టి, మంచం దగ్గర నిలబడేవాళ్లెవరూ ఆ జవాబు చదవకపోతే, మెంజీస్ చూసిన పనుల జాబితాలో ఇంకో పని చేరినట్టే.