మంచుకూ అంచుకూ మధ్య రెండు డిగ్రీలు

కొండ మీద అన్ని రకాల వాలుల్లోనూ తిరగడానికీ, చిన్న చిన్న గెంతులు వేయడానికీ పనికివచ్చే ఒకే స్నోబోర్డు (రెండు పాదాలనూ బిగించుకుని నిలబడి మంచు మీద జారే పలక) కొనదలచిన పాఠకురాలు ఒకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. అమ్మేవారు ప్రతి బోర్డునూ "ఫర్‌గివింగ్", అంటే తప్పులను క్షమించేది, అనే వర్ణిస్తున్నారట. ఆ మాటకు భౌతికశాస్త్రంలో ఏమైనా అర్థం ఉందా అని ఆమె సందేహం. ఉంది, అది కొలవదగిన అర్థం కూడా. మన భాషలో క్షమ అంటే ఓర్పు, భూమి కూడా. తప్పటడుగును వెంటనే శిక్షించకుండా కొంత వ్యవధి ఇచ్చే గుణమే ఈ ఓర్పు కనుక, ఆ వ్యవధి ఎంతో లెక్కగట్టడమే బోర్డును ఎంచుకోవడంలో అసలు పని అని నా అభిప్రాయం.

స్నోబోర్డు మీద నేర్చుకునేవారిని పడగొట్టేవాటిలో అన్నిటికన్నా కఠినమైనది దిగువ అంచు మంచులో దిగబడటం. బోర్డును వాలుకు అడ్డంగా నిలిపి జారుతున్నప్పుడు ఎగువ వైపు ఉక్కు అంచు మంచును గీరుతూ వేగాన్ని అదుపు చేస్తుంది, దిగువ అంచు పైకి లేచి ఉంటుంది. బోర్డు నడుము వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు అనుకుంటే, మంచు ఉపరితలంతో పోల్చి బోర్డు 3 డిగ్రీలు ఒరిగి ఉన్నప్పుడు దిగువ అంచు 13 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మడమలు కాస్త అలసి ఆ ఒరుగు 1 డిగ్రీకి తగ్గితే ఎత్తు 4 మిల్లీమీటర్లే మిగులుతుంది. అదీ పోతే అంచు ఉలిలా మంచులోకి దిగుతుంది, బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు.

తరగతి గదిలో ఘర్షణను బోధించేటప్పుడు వాలు బల్ల మీద ఒక దీర్ఘచతురస్రపు దిమ్మెను గీసి, ఏ దిక్కున జారినా దాని ఘర్షణ గుణకం ఒకటేనన్నట్టు లెక్క చేయిస్తారు. స్నోబోర్డుకు ఆ బొమ్మ సరిపోదు. బోర్డు పొడవు వెంట జారేటప్పుడు ఘర్షణ అతి స్వల్పం. అడ్డంగా జారుతూ దిగువ అంచు తగిలితే అది ఘర్షణ కాదు, గోడ. పిల్లలకు ఈ రెండో బొమ్మ కూడా గీసి చూపిస్తే దిశను బట్టి మారే గుణం అంటే ఏమిటో ఒక్క రోజులో అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

ఆ గోడ తగిలిన తరువాత ఏమవుతుందో లెక్క వేద్దాం. మనిషిని 1.75 మీటర్ల నిటారు కర్రగా భావించి, అది గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 5.6 మీటర్ల వేగంతో జారుతోందనుకోండి. అడుగు చివర హఠాత్తుగా ఆగినప్పుడు ఆ చివర చుట్టూ కోణీయ ద్రవ్యవేగం మారదు. ఏకరీతి కర్రకు ఆ చివర నుంచి జడత్వ భ్రామకం ద్రవ్యరాశిని పొడవు వర్గంతో గుణించి 3తో భాగిస్తే వస్తుంది. ఈ రెండింటినీ కలిపితే పై చివర వేగం మొదటి వేగానికి ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంటే 20 కిలోమీటర్ల వేగంతో మెల్లగా జారుతున్నవారి తల 30 కిలోమీటర్ల వేగంతో నేల వైపు బయలుదేరుతుంది, గురుత్వాకర్షణ దానికి మరికొంత కలుపుతుంది. నిటారు కర్ర నేలకు ఒరగడానికి సెకనులో మూడో వంతు కూడా పట్టదు. కీళ్లున్న మనిషి ఇంత బిగుసుకున్న కర్ర కాడు, మోకాళ్లు మడిస్తే లెక్క తేలికపడుతుంది. అయినా హెల్మెట్ ఎందుకు తప్పనిసరో, చేతులు ఊనడం వల్ల మణికట్టు గాయాలు ఈ క్రీడలో ఎందుకంత ఎక్కువో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ తన కుమార్తెల కోసం రెండు స్కీలను (ఒక్కో కాలికి ఒకటి కట్టుకుని మంచు మీద జారే సన్నని పలకలను) జతచేసి, స్నోబోర్డుకు పూర్వరూపమైన స్నర్ఫర్ అనే ఆటవస్తువును తయారుచేశాడు. దానికి ఉక్కు అంచులు లేవు. గట్టి మంచు మీద అదుపు కావాలనుకున్నప్పుడే అంచులు వచ్చాయి, వాటితోపాటే ఈ ప్రమాదమూ వచ్చింది.

ఇప్పుడు బోర్డు ఆకారం చూద్దాం. బోర్డు నడుము దగ్గర సన్నగా, ముక్కు తోకల దగ్గర వెడల్పుగా ఉంటుంది. ఈ పక్క కోతను సైడ్‌కట్ అంటారు. మంచును తాకే అంచు పొడవు 1.2 మీటర్లు, కోత వృత్త వ్యాసార్థం 8 మీటర్లు అయితే, నడుము దగ్గర ప్రతి పక్కా సుమారు 22 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. నడుము 25 సెంటీమీటర్లయితే చివరలు 29కి పైగా ఉంటాయన్నమాట. సంప్రదాయమైన క్యాంబర్ బోర్డును నేల మీద పెడితే బోర్లించిన విల్లులా మధ్యభాగం కొన్ని మిల్లీమీటర్లు లేచి ఉంటుంది. మనిషి ఎక్కగానే ఆ విల్లు చదునై, తన బిగువునంతా రెండు చివరల మీదికి నెడుతుంది. బోర్డులో అన్నిటికన్నా వెడల్పైన చోటు, అదనపు ఒత్తిడి పడే చోటు ఒకటే కావడం వల్ల పట్టు అద్భుతంగా ఉంటుంది. పొరపాటున దిగబడేదీ సరిగ్గా ఆ చోటే.

పాదాల మధ్య క్యాంబర్ ఉంచి, చివరలను మాత్రం పడవ ముక్కులా ముందుగానే పైకి లేపితే దాన్ని రాకర్ చివరల బోర్డు అంటారు. చివర 5 మిల్లీమీటర్లు లేచి ఉందనుకోండి. అక్కడ సగం వెడల్పు 145 మిల్లీమీటర్లు కనుక, నడిగీతను ఇరుసుగా భావిస్తే, ఆ చివర అంచు మంచును తాకాలంటే బోర్డు దాదాపు 2 డిగ్రీలు తప్పు వైపు ఒరగాలి. నేర్చుకుంటున్నవారి చీలమండ సెకనుకు 10 డిగ్రీల చొప్పున జారిపోతోందనుకుంటే, ఆ 2 డిగ్రీలు సెకనులో ఐదో వంతు వ్యవధి. మనిషి ఒక విషయాన్ని గ్రహించి కండరాన్ని కదిలించడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే! ఓర్పు అంటే ఇదే: తప్పును గుర్తించిన మెదడుకూ దాన్ని దిద్దే కాలికీ మధ్య పట్టే కాలాన్ని బోర్డు సమకూర్చడం. ఉక్కు అంచు అడుగు భాగాన్ని 1 డిగ్రీ వాలుగా అరగదీస్తే, అంటే బేస్ బెవెల్ ఇస్తే, ఇదే లెక్కన మరో పదో వంతు సెకను కలుస్తుంది. బాటాలియోన్ సంస్థ అయితే బోర్డు అడుగునే మూడు భాగాలుగా మలచి, ముక్కు తోకల దగ్గర రెండు పక్కలనూ పైకి లేపుతుంది. పొడవు వెంట కాక అడ్డంగా లేపడం అందులోని తెలివి.

దీనికి చెల్లించే మూల్యం గట్టి మంచు మీద తెలుస్తుంది. లేచిన చివరలు పట్టుకు రావు, అంచు కరచుకునే పొడవు తగ్గుతుంది. లిబ్ టెక్ సంస్థ తన మాగ్నె-ట్రాక్షన్ బోర్డుల అంచును రంపపు కత్తిలా అలలుగా కోసి ఒత్తిడిని కొన్ని బిందువుల దగ్గర కేంద్రీకరించేది గట్టి మంచు మీద పట్టు పెంచడానికే. పూర్తిగా రాకర్‌తో చేసిన బోర్డు మొదటి వారం హాయిగా ఉండి, ఆ తరువాత వేగంలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. అందుచేత మధ్యలో క్యాంబర్, చివరల్లో కొద్దిపాటి రాకర్ ఉన్న మిశ్రమాన్నే నేను సూచిస్తాను. బోర్డు పేరు చూసి నిర్ణయించుకోకూడదు. బర్టన్ కస్టమ్ అనే బోర్డు క్యాంబర్‌లోనూ, ఫ్లయింగ్ వీ అనే మిశ్రమ రూపంలోనూ దొరుకుతుంది. ఓర్పు విషయంలో ఆ రెండూ వేర్వేరు బోర్డులే.

మెలి తిరిగే గుణం గురించి కొనేవారెవరూ అడగరు. ఒక చేతి రుమాలును దారాల వెంట లాగితే సాగదు, మూలల నుంచి ఐమూలగా లాగితే సులువుగా సాగుతుంది. బోర్డు లోపలి చెక్క గుండెకు పైనా కిందా అతికించే గాజునార పొరలూ అంతే. పొడవుకూ అడ్డానికీ మాత్రమే పోగులు ఉన్న బైయాక్సియల్ పొర మెలికకు తలవంచుతుంది. పొడవుతోపాటు 45 డిగ్రీల ఐమూల పోగులూ ఉన్న ట్రైయాక్సియల్ పొర ఎదిరిస్తుంది, ఎందుకంటే మెలిక అనేది ఐమూలల వెంట లాగుడే. మెలిక తిరిగే బోర్డులో ముందు పాదం చేసిన తప్పు వెనుక పాదం దాకా పూర్తిగా పాకదు. మన పాఠకురాలు కోరిన తరహా బోర్డుకు బైయాక్సియల్ చాలు.

బోర్డు వంగడాన్ని ఎంత ఎదిరిస్తుందో తెలిపే ఫ్లెక్స్ అంకెకు అన్ని సంస్థలకూ ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకరి 5 మరొకరి 7 కావచ్చు. వంపును ఎదిరించే బలం మందం ఘనానికి అనుపాతంలో ఉంటుంది కనుక, మందం పదో వంతు పెరిగితే చాలు, బిగువు మూడో వంతు పెరుగుతుంది. మరీ మెత్తనిదీ ఓర్పు గలది కాదు: గెంతి దిగినప్పుడు బరువు కాస్త వెనక్కి పడితే మెత్తని తోక మడతపడి మనిషిని వెల్లకిలా పడేస్తుంది. మధ్యస్థమైన ఫ్లెక్స్, ముక్కూ తోకా ఒకే రూపంలో ఉండి ఏ వైపు దిగినా పనిచేసే ట్విన్ ఆకారం మంచివి.

బోర్డు నిలబెడితే గడ్డం దాకా రావాలన్న నియమం ఒక మూఢనమ్మకం. బోర్డుకు మనిషి ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. తయారీదారు ఇచ్చే బరువు పట్టికను చూసి, సందేహమైతే చిన్న కొలతను తీసుకోవాలి. వెడల్పును మాత్రం బూటు నిర్ణయిస్తుంది. బూటు అడుగు మంచుకు 3 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, అంచు దాటి 3 సెంటీమీటర్లు బయటికి వస్తే, బోర్డు 45 డిగ్రీలు ఒరగగానే బూటు మంచును తాకి అంచును పైకి లేపేస్తుంది. ఒకటిన్నర సెంటీమీటరే బయటికి వస్తే 63 డిగ్రీల దాకా భయం లేదు. ఈ కొలత తీసేటప్పుడు చూడవలసినది పాదం పొడవు కాదు, బూటు వెలుపలి పొడవు.